తోడల్లుడి ఎర్ర కారు, నా కడుపుమంట

కాశీబుగ్గలో ఒక బట్టల కొట్టు మీది అంతస్తుకి పందొమ్మిది మెట్లుంటాయి. మూడేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్న ఆ మెట్లెక్కినప్పుడు నేను నలుగురు లేచి కుర్చీ ఇచ్చే పెద్దమనిషిని. మధ్యాహ్నానికి అవే మెట్లు దిగినప్పుడు, కుర్చీ సంగతి వదిలెయ్యండి, ఆనుకుందామంటే గోడ కూడా నాకు మొహం చాటేసింది. ఎక్కడానికీ దిగడానికీ మధ్య జరిగిన ప్రళయాన్ని ఈ కాగితాల మీద పెడుతున్నాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మెల్లగా నవ్వండి. మా తోడల్లుడికి వినిపిస్తే వాడూ వచ్చి నవ్వుతాడు. అది మాత్రం నేను ఓర్చుకోలేను.

ఇదంతా నా కుర్రతనంలో జరిగింది. అప్పుడు నాకు అరవై ఏడేళ్లు. ఇప్పుడు డెబ్బై వచ్చి కాస్త బుద్ధి కుదిరింది కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర ఊరు. నేను ముప్పై ఒక్క ఏళ్లు లారీ తోలాను. ఉద్దానం కొబ్బరికాయలు ఎత్తుకుని ఇచ్ఛాపురం దాటి బరంపురం, అక్కడి నుంచి కటకం. ఇన్నేళ్లలో ఒక్క కోడి నా చక్రం కింద పడలేదు. పడబోయిన కోళ్లు కూడా డ్రైవరు మొహం చూసి, పాపం పెద్దమనిషి, ఈయనకి చెడ్డపేరెందుకు అని వెనక్కి తగ్గేవి. బడి గడప తొక్కలేదు. అక్షరాలు మైలురాళ్ల మీద నేర్చుకున్నాను. టెక్కలి నాకు ట నేర్పింది, పలాస ప నేర్పింది, కోటబొమ్మాళి ఒక్కసారే నాలుగైదు నేర్పబోయి తల తిప్పింది. ఒరియా అక్షరాలు బరంపురం మిఠాయి కొట్ల బోర్డులు నేర్పాయి, అందుకే ఆ భాష ఇప్పటికీ నాకు తియ్యగానే ఉంటుంది. లోకంలో ఏ విద్యనైనా మనిషి తనంతట తాను నేర్చుకోగలడని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

మా తోడల్లుడి పేరు రాజారావు. మా ఆవిడ పార్వతి చెల్లెల్ని చేసుకున్నవాడు. టెక్కలిలో ఒక ఆఫీసులో గుమస్తాగా చేరి, అదే కుర్చీలోంచి రిటైరై, కాశీబుగ్గలో మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నాడు. మంచివాడు. ఆ మంచితనమే నాకు పడదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి హాయిగా నిద్రపోయేవాణ్ణి. నన్ను 'అన్నియ్యా' అని పిలుస్తాడు, 'మీరు' అంటాడు, గుమ్మంలో నా చెప్పులు చెదిరి ఉంటే సర్ది పెడతాడు. మనిషిని ఇంతకన్నా రెచ్చగొట్టే పని ఇంకేముంటుంది చెప్పండి?

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. మా మామగారింట్లో ఆ చెవిని నేను, ఆ కొమ్ము వాడు. పెళ్లిలో నాకు తోలు పట్టీ గడియారం పెట్టారు. ఐదేళ్ల తర్వాత వాడికి బంగారు రంగు పట్టీ గడియారం పెట్టారు. మా అత్తగారు పీతల కూర వండితే గుడ్డున్న పీత వాడి కంచంలో, పీత కాళ్లు నా కంచంలో. 'పెద్దల్లుడికి పళ్లు గట్టివి' అనేది ఆవిడ. నలభై ఏళ్లు దాటిపోయింది. ఆ పీత మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అయినా ఒక్క విషయంలో నాకు ధీమా ఉండేది. రాజారావుకి బండి రాదు. సైకిలెక్కాడంటే కాలవలోకే. స్కూటరు కొన్నాడు గానీ దాన్ని మా మరదలు తోలేది. వాడు వెనక సీటు మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని, పల్లకీలో ఉత్సవ విగ్రహంలా ఊగుతూ వెళ్లేవాడు. చక్రమున్న ప్రతి వస్తువూ నా రాజ్యం, చక్రం లేనివన్నీ వాడు ఏలుకోవచ్చు. నాకు నేనే రాసుకున్న ఆ ఒప్పందం మీద ప్రశాంతంగా ముసలివాణ్ణి అవుతూ వచ్చాను.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా అమ్మాయి ఇంటికి వెళ్తే, మా మనవరాలు హాసిని, పదకొండేళ్ల పిల్ల, గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"తాతా, చిన్నతాత కార్ రేసులో ఫస్టు, తెలుసా!"

"ఏ చిన్నతాత?"

"మనకెంతమంది చిన్నతాతలున్నారేటి? రాజారావు తాత!"

"ఎవరి కారు తోలాడు? ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా?"

"గేమ్‌లో తాతా! బట్టల కొట్టు పైన గేముల షాపు లేదా? అక్కడ సీటు, స్టీరింగు, బ్రేకు అన్నీ ఉంటాయి, ఎదురుగా తెర ఉంటుంది. పెద్దవాళ్లలో చిన్నతాత టైమే బెస్టు. మా ఫ్రెండ్స్ అందరూ రేసింగ్ తాత అని పిలుస్తారు."

"మరి నన్నేమంటారు?"

పిల్ల కాసేపు ఆలోచించింది. అబద్ధం ఆడడం ఇష్టం లేని పిల్ల. "నిన్ను... కొబ్బరికాయల తాత అంటారు."

పచ్చి జీడిపిక్క తొక్కలో నూనె చర్మానికి తగిలితే ఎలా పొక్కుతుందో మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ నూనె ఆ సాయంత్రం నాకు లోపల తగిలింది.

మర్నాడే హాసినిని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కాను. పైన సింహాచలం అనే ఆయన ఆ షాపు నడుపుతాడు. పొట్ట ముందు వచ్చి, మాట తర్వాత వచ్చే మనిషి. కారు మిషన్లు రెండు, పక్కపక్కన ఉన్నాయి. ఎడమ దాని తెర మీద నీలం కారు, కుడి దాని మీద ఎర్ర కారు. కుడి సీట్లో, ఇంకెవరు, మావాడే.

"రండన్నియ్యా! ఇది మీకు చేతిలో పని."

"చేతిలో పనే. చూస్తూ నేర్చుకో," అన్నాను.

ఆ మాటని ఇప్పుడు వెనక్కి తీసుకుందామన్నా వాడు ఇవ్వడు.

నీలం కారు సీట్లో కూర్చున్నాను. స్టీరింగు ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. వంగి పెడళ్లు చూశాను, పక్కకి తిరిగి అద్దం కోసం వెతికాను.

"ఏటెతుకుతన్నారు బాబూ?" అన్నాడు సింహాచలం.

"బండి కండిషన్ చూసుకోకుండా నేనెప్పుడూ తియ్యలేదు."

"దీనికి కండీసనూ గిండీసనూ ఏటీ నేదు బాబూ. తొక్కడవే."

తెర మీద మూడు, రెండు, ఒకటి అని అంకెలు పడ్డాయి. మిగతా కార్లన్నీ చెరుగుతున్న చేటలోంచి పొట్టు లేచిపోయినట్టు ఎగిరిపోయాయి. నేను ఇంజను కాస్త వేడెక్కనిచ్చి, అటూ ఇటూ చూసుకుని బయల్దేరాను. మొదటి వంపు దగ్గర వేగం తగ్గించాను. రెండో వంపు దగ్గర ముందు ఏముందో కనబడక పూర్తిగా ఆపాను.

"తాతా, ఎందుకాపావు?"

"ఎదురుగా ఏదైనా వస్తే?"

"ఏదీ రాదు తాతా! అందరూ ఒకే వైపు వెళ్తారు!"

"అందరూ అలాగే అనుకుంటారు. అలా అనుకున్నవాళ్ల ఫోటోలకి దండలుంటాయి."

ఇంతలో తెర ఎర్రగా వెలిగి, టైం అయిపోయిందని చెప్పి, నా బండిని నడిరోడ్డు మీద ఆపేసింది. లోడు చేర్చకుండా నా బండి దారిలో ఆగిపోవడం నా బతుకులో అదే మొదలు. పక్క సీట్లో రాజారావు అప్పటికే పందెం ముగించి, జేబురుమాలుతో స్టీరింగు తుడిచి పెడుతున్నాడు, తర్వాత వచ్చేవాళ్లకి శుభ్రంగా ఉండాలని. చూశారా? నేను ఊరికే అనడం లేదు.

"పర్లేదన్నియ్యా, మొదట్లో నాకూ ఇంతే. ఇందులో బ్రేకు ఆగడానికి కాదండీ, తిరగడానికి."

"బ్రేకు ఆగడానికి కాకపోతే అమ్మోరికి మొక్కడానికా?"

"కొంచెం తట్టి, స్టీరింగు తిప్పి, మళ్లీ యాక్సిలేటరు తొక్కాలి. బండి తోక పక్కకి జారుతుంది. దాన్ని డ్రిఫ్టు అంటారు."

లారీ డ్రైవరుకి గుమస్తా బ్రేకు పాఠం చెప్తున్నాడు! ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లని చూసి జన్మంతా నవ్వినవాణ్ణి. ఆ రోజు అందరి ముందూ, "ఈ తెరలో ఏదో లోపముంది," అన్నాను. తోలలేక తెర ఓడు.

మెట్లు దిగుతూనే నిశ్చయించుకున్నాను. మైలురాళ్ల దగ్గర భాష నేర్చుకున్నవాడు ఈ పెట్టె దగ్గర ఆట నేర్చుకోలేడా? నూరు పేజీల నోటుబుక్కు కొన్నాను. ఆ ఆటలో రోడ్డు మొత్తం గీశాను. అందులో వంపులకి పేర్లుండవు, పేరు లేని వంపు నాకు గుర్తుండదు. అందుకని మొదటి వంపుకి పలాస గేటు అని, రెండోదానికి టెక్కలి జంక్షన్ అని, కొండ పక్కన మెలికలు తిరిగే మూడోదానికి కోటబొమ్మాళి అని, చివర సముద్రం పక్కన తిన్నగా పోయేదానికి అక్కుపల్లి రోడ్డు అని పేర్లు పెట్టుకున్నాను. దాంతో ఆ విదేశీ రోడ్డు నాకు సొంత ఊరు దారిలా అయిపోయింది.

ఇంట్లో సాధన మొదలుపెట్టాను. స్టీలు కంచం స్టీరింగు. కాళ్ల కింద రెండు ఇటికలు.

"ఏటి సేత్తన్నావు ఆ కంచంతోటి?" అంది పార్వతి.

"డ్రిఫ్టు."

"అదేటి, కూరా?"

"బండి తోక జారించడం."

"ముప్పై ఏళ్లు తోక జారకండా తోలినావని ఊరందరికీ సెప్పుకుంతావు గదా. ఇప్పుడు జారించడం నేర్సుకుంతన్నావేటి?"

"నీకు తెలీదులే."

"నాకు తెలీదు సరే. అన్నం సల్లారిపోతంది. ఆ బండి ఇలాగిస్తే దాన్లో అన్నవెడతాను."

వారం రోజులు నేను ఆకులో తిన్నాను, కంచం రేసులో ఉండడం వల్ల.

కంచంతో ఎంత తోలినా ఒక గొడవ ఉంది, కంచానికి తెర లేదు. రాజారావు ఏం చేస్తున్నాడో చూడందే గుట్టు తెలియదు. కంటి డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, బస్సెక్కి కాశీబుగ్గ వచ్చి, షాపులో ఇనప కొక్కెంతో బొమ్మలు పట్టి తీసే పెద్ద గాజు పెట్టె ఉంటే దాని వెనక నక్కి వాడి కాళ్లూ చేతులూ గమనించేవాణ్ణి. ఒకరోజు సింహాచలం వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"బొమ్మ కావాలా బాబూ?"

"లేదు. ఆ ఏనుగు బొమ్మ ఎలా ఉందో చూస్తున్నాను."

"అరగంట నుండి ఏనుగునే సూత్తన్నారు బాబూ. ఏనుగు అటేపుంది. మీరు ఇటేపు సూత్తన్నారు."

రాజారావు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. "అన్నియ్యా, అక్కడ నుంచి కాళ్లు సరిగ్గా కనబడవండీ. కుర్చీ వేయించాను, ఇలా పక్కకి రండి."

వేయించాడట కుర్చీ! దొంగకి దీపం పట్టుకుని దారి చూపించేవాణ్ణి ఏమనాలి? వెళ్లి కూర్చున్నాను. ఇంకేం చెయ్యను, మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి.

అలా చూసి చూసి మూడు గుట్లు పట్టాను. మొదటిది, బయల్దేరేటప్పుడు అంకెలు పడుతున్నంతసేపూ తొక్కి పట్టుకోకూడదు. రెండు అనే అంకె చెరిగిపోతుండగా తొక్కితే బండి ఎగిరి దూకుతుంది. రెండోది, ముందున్న కారు వెనకే అంటిపెట్టుకుని పోతే దాని గాలి నీడలో మన బండి తేలిగ్గా లాగుతుంది. ఇది నాకు కొత్త కాదు. వెనకటికి నా లారీ వెనకాల గాలి తగలకుండా సైకిళ్ల వాళ్లు కవిటి దాకా తొక్కకుండా వచ్చేసేవారు. మూడోది ఆ డ్రిఫ్టు. వాడు లేని పూట నీలం కారెక్కి ఎంత తోలినా, అది మాత్రం చాలా రోజులు ఏడిపించింది. తోక జారగానే బ్రేకు మీద నిలబడిపోయేవాణ్ణి.

ఒక పొద్దున్న తట్టింది. వానాకాలం ఎర్రమట్టి రోడ్డు మీద ఖాళీ లారీ తోక జారితే ఏం చేసేవాణ్ణి? కంగారుపడి బ్రేకు మీద నిలబడకుండా, తోక ఎటు జారితే స్టీరింగు అటే కాస్త తిప్పి, మెల్లగా తొక్కేవాణ్ణి. బండి తనంతట తానే దారికొచ్చేది. అంటే నాకు ఈ విద్య ఎప్పుడో వచ్చు! అప్పుడు దేవుడు జారిస్తే సర్దుకునేవాణ్ణి, ఇప్పుడు నేనే జారించి నేనే సర్దుకోవాలి. అంతే తేడా. ఆ రోజు కోటబొమ్మాళి వంపులో నీలం కారు నాగుపాము పడగ తిప్పినట్టు తిరిగింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. బండి వెళ్లి గోడకి గుద్దుకుంది, అది వేరే సంగతి.

రెండు నెలల్లో నా టైము రాజారావు టైముకి గోరంత దూరంలోకి వచ్చింది. అప్పుడు సింహాచలం గోడ మీద కాగితం అంటించాడు. వచ్చే ఆదివారం జోడీ పందెం. పెద్దవాళ్లొకరు, పిల్లలొకరు. చెరో చుట్టు తోలాలి. పెద్దవాళ్లకి అరవై దాటాలి.

హాసిని మా ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకు ఇద్దరూ కావాలి గానీ రూలు ఒప్పుకోదు. ఏం చెయ్యను?"

రాజారావు వెంటనే అన్నాడు: "ఇందులో ఆలోచించేదేముందమ్మా? సొంత తాత ఉండగా నేనెందుకు? అన్నియ్యనే తీసుకో."

బుద్ధున్నవాడైతే అక్కడితో 'సరే' అని, పిల్లని ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. మూడేళ్ల కిందటి నేను లేచి నిలబడి తువ్వాలు దులిపాను.

"నీ దానం నాకక్కర్లేదు. ఆదివారం పొద్దున్న నువ్వూ నేనూ ఒక పందెం వేద్దాం. గెలిచినవాడు పిల్ల పక్కన కూర్చుంటాడు."

"ఎందుకన్నియ్యా ఇదంతా..."

"భయమా?"

"భయం కాదండీ, మీ బీపీ..."

"నా బీపీ నీ జోలికి వచ్చిందా?"

హాసిని ఇద్దరి మొహాలూ చూసి తలూపింది. "సరే. గెలిచినవాళ్లే నా జోడీ. మూడు చుట్లు. తర్వాత ఎవరూ అలగకూడదు."

ఆదివారం వచ్చింది. పార్వతి కూడా వచ్చింది, రెండు నెలలుగా నేను చూపించుకుంటున్న కంటి డాక్టరుని చూద్దామని. మిగతా జోడీలు, వాళ్ల వాళ్లు, సీట్ల వెనక గుమిగూడారు. నేను నీలం కారు. వాడు ఎర్ర కారు. నా వెనక నాలుగు చేతుల దూరంలో వీధి వైపు కిటికీ తెరిచి ఉంది, జనానికి ఉక్కపోస్తోందని.

మూడు. రెండు, చెరుగుతుండగా తొక్కాను. రెండు బండ్లూ ఒకేసారి దూకాయి. పలాస గేటు దగ్గర వాడు ముందు. నేను వాడి గాలి నీడలో. టెక్కలి జంక్షన్ దాటాం. వాడు ముందు, నేను వెనక. మొదటి చుట్టు అలా పోయింది. రెండో చుట్టులో ఒక పాడు పని చేశాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, పొరుగువాడి తెర మీద రోడ్డు కూడా అలాగే తిన్నగా కనిపిస్తుంది. వాడి రోడ్డుకి నా రోడ్డు కన్నా వంపులు తక్కువేమోనని ఒక్కసారి పక్కకి చూశాను. నీలం కారు వెళ్లి గోడని గీరింది.

"తాతా, నీ తెర చూసుకో!" అని అరిచింది హాసిని.

"ఆయనకి జన్మంతా పక్కోడి ఇస్తరి మీదే కన్ను," అంది పార్వతి.

పళ్లు బిగించాను. మూడో చుట్టు. కోటబొమ్మాళి వంపు. వాడు బయటి వైపు జారాడు. నేను లోపలి వైపు బ్రేకు తట్టి, తోక జార్చి, స్టీరింగు సర్ది తొక్కాను. ఎర్ర కారు నా పక్కకి వచ్చింది, వెనక్కి పోయింది. నేను ముందు! నలభై ఏళ్లలో మొదటిసారి రాజారావు నా వెనక!

"తాతా! ఫస్టు! మా తాత ఫస్టు!"

ఆ కేక నా చెవిలో పడగానే గుడ్డున్న పీత మొత్తం నా కంచంలోకి వచ్చినట్టయింది. ఇంక అక్కుపల్లి రోడ్డే మిగిలింది. తిన్నని రోడ్డు. తొక్కి పట్టుకుంటే చాలు. పసిపిల్ల కూడా చెయ్యగలదు.

అప్పుడు నా వెనక నుంచి వినిపించింది.

భోం... భోం... భోం...!

అయ్యా, తర్వాత జరిగినదానికి నా తలకాయ బాధ్యత లేదు. అది ఆ సమయానికి చెయ్యికీ కాలికీ తాళాలిచ్చి ఎక్కడికో వెళ్లింది. ముప్పై ఒక్క ఏళ్లు వెనకబండి అలా మూడుసార్లు అడిగితే సైడివ్వని రోజు లేదు నాకు. నా కాలు యాక్సిలేటరు మీంచి లేచింది. నా ఎడమ చెయ్యి స్టీరింగుని ఎడమకి తీసింది. నా కుడి చెయ్యి సీట్లోంచి బయటికి సాగి, 'పో బాబూ, పో' అన్నట్టు రెండుసార్లు ఊపింది.

ఎర్ర కారు పోయింది.

"థాంక్సండీ అన్నియ్యా," అన్నాడు రాజారావు, ఏమీ అర్థం కాక. గీత దాటేశాడు.

తర్వాత నేను లేచాను.

"మోసం! హారన్ కొట్టాడు!"

"నేనా? హారనెక్కడుందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను! నా దానికి లేదు. మొదటిరోజే నొక్కి చూశాను. నీ దానికి పెట్టారు! ఇదేనా న్యాయం? నాకెప్పుడూ తోలు పట్టీ, నీకెప్పుడూ బంగారు పట్టీ!"

సింహాచలం బెదిరిపోయాడు. "ఏ పట్టీ బాబూ? రెండు సీట్లకీ నల్లపట్టీలే ఏసినాను..."

"నీకు తెలీదు, నువ్వప్పటికి పుట్టలేదు! పీత గుడ్డు వాడికీ, కాళ్లు నాకూ! ఇప్పుడు హారన్ వాడికీ, సైడివ్వడం నాకూనా?"

"ఓలమ్మో," అంది పార్వతి జనం వైపు తిరిగి, "మా అమ్మ సచ్చిపోయి ఇరవయ్యేళ్లయింది, ఆ పీత మాత్తరం సావలేదు."

"తాతా, ఆ మిషన్‌కి హారన్ ఉండదు," అంది హాసిని మెల్లగా.

"ఉంటుంది! దాచారు! తీసి చూపిస్తాను!"

రాజారావు మర్యాదగా సీటు ఖాళీ చేసి, రెండు చేతులూ పైకెత్తి, నాలుగడుగుల అవతల నిలబడ్డాడు. నేను మోకాళ్ల మీద వంగి ఆ ఎర్ర కారు మిషను కింద తల దూర్చాను. బ్రేకు పెడలు తడిమాను. ఒక బిస్కెట్టు ముక్క దొరికింది. ఒక పిల్ల చెవి రింగు దొరికింది. ఇంకా లోపలికి దూరాను. నా వెనక భాగం మాత్రమే కాశీబుగ్గ ప్రజలకి కనిపిస్తోంది.

అప్పుడు మళ్లీ.

భోం... భోం... భోం...!

మిషను కింద నుంచి కాదు. ఎర్ర కారులోంచి కాదు. కిటికీలోంచి.

హాసిని పరిగెత్తి కిందికి చూసింది. "తాతా... కొబ్బరికాయల లారీ. ఒక ఆటో అడ్డంగా ఉంది."

నేను తల బయటికి తియ్యలేదు. తీసి ఎక్కడ పెట్టుకోను? సింహాచలం పొట్టతో సహా కిటికీ దగ్గరికి నడిచిన చప్పుడు వినిపించింది. తర్వాత వాడి గొంతు, ఉద్దానం అంతా వినేలా.

"ఓ డ్రైవర్ బాబూ! ఇంక హారన్ కొట్టీకు! మా తాతగోరు సైడిచ్చీసినారు, నువ్వెల్లిపో!"

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను. చెమట పట్టిన చెంప నేలకి ఆనించి ఉన్నాను కాబట్టి, నవ్వే కాళ్లు మాత్రమే నాకు కనిపించాయి. అన్నిటికన్నా ఎక్కువగా ఊగుతున్న కాళ్లు మా ఆవిడవి. రాజారావు కాళ్లు మాత్రం ఊగలేదు. అవి నా దగ్గరికి వచ్చి ఆగాయి. వాడు వంగి, నా భుజం కింద చెయ్యేసి, లేపి, నా చొక్కా దులిపాడు. చెవి దగ్గర అన్నాడు:

"అన్నియ్యా, ఇది లెక్కలోకి రాదండీ. మళ్లీ వేద్దాం. లేదా మీరే కూర్చోండి పిల్లతో."

"నేను సైడిచ్చినవాణ్ణి. ఇచ్చింది వెనక్కి తీసుకోను," అన్నాను, పెద్దమనిషిలా కనిపించడానికి అదొక్కటే మిగిలింది కనక. చెవి దగ్గర బిస్కెట్టు పొడి అంటుకుని ఉంది, అది తర్వాత తెలిసింది.

జోడీ పందెంలో హాసినీ రాజారావూ రెండో స్థానంలో వచ్చారు. అక్కుపల్లి నుంచి వచ్చిన ఒక నాయనమ్మ, మనవడితో కలిసి అందర్నీ గాలికి లేపేసింది. రాజారావు ఓడిపోయాడని సంతోషించానా అంటే సంతోషించాను. అరనిమిషం. తర్వాత చూద్దును కదా, ఓడిపోయిన ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి, నువ్వక్కడ జారావు, నువ్విక్కడ గుద్దావు అని దెప్పుకుంటూ, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకుంటున్నారు. వాడి ఓటమి కూడా నేను ఎప్పుడూ గెలవనంత బావుంది. ఆ పక్క సీటు వాడు నాకు దానంగా ఇస్తానన్నాడు. నేను వద్దని, పోట్లాడి, ఓడి, మళ్లీ వద్దన్నాను. నా చేతికి వాళ్లిద్దరి నీళ్ల సీసాలూ ఇచ్చి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

అందుచేత చదువరులారా, ఆ సాయంత్రమే సముద్రం ఒడ్డుకి వెళ్లి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, దోసిట్లో ఉప్పునీళ్లు పట్టుకుని, తూర్పు తిరిగి ప్రమాణం చేశాను. ఈ కట్టె కాలేవరకూ తెర మీద బండెక్కను. తోడల్లుడితో పందెం వెయ్యను. వాడి కంచం వైపు, వాడి తెర వైపు కన్నెత్తి చూడను. ఇది ఒట్టు, మూడుసార్లు ఒట్టు. ఒకవేళ ఆ రాజారావు మళ్లీ నా మనవరాలి పక్కన కూర్చుంటానంటే మాత్రం ఈ ఒట్టు చెల్లదు. అప్పుడు సీట్లో కూర్చునే ముందు నేనే లేచి వెళ్లి, నా చేతులతో నేనే, ఆ షాపు కిటికీలన్నీ గడియ వేసి వస్తాను.